వస్తామన్న మూడిళ్లు

చూసినట్టు చూసి, వద్దన్నట్టు కాకుండా వద్దని వచ్చేయమన్నాడు గౌరి భర్త మోహన్.

"మీ డిపార్ట్‌మెంట్ హెడ్ అంత ప్రేమగా అరేంజ్ చేసింది కదా, ఇళ్లు చూడనంటే బాగోదు గౌరీ. చూడు. బావుందను. చూద్దామను. శనివారం నేను విచిటాకి ఫ్లై అవుతాను, నువ్వూ అమ్మా అక్కడికి వచ్చేయండి, అపార్ట్‌మెంట్‌కి సైన్ చేసేద్దాం. మూడు ఇండియన్ స్టోర్లు, గుడి, నలభై తెలుగు ఫ్యామిలీలు. ఆ హార్లోలో ఏముంది, గాలి తప్ప?"

"యూనివర్సిటీ ఉంది," అంది గౌరి.

"అది ఎటూ పోదు. రెండు గంటల డ్రైవ్. ఐసెలిన్‌లో మా రఘు రోజూ న్యూయార్క్ వెళ్లి రావట్లేదా? పాడ్‌కాస్టులు వింటూ వెళ్లిపోవచ్చు."

రఘు రైల్లో వెళ్తాడు, నిద్రపోతూ. ఆ మాట గౌరి నాలిక చివరిదాకా వచ్చింది. వచ్చిన మాటను మళ్లీ లోపలికి పంపించడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటే. "సరే, చూద్దాం," అని ఫోను పెట్టేసింది.

చూద్దాం అంటే వద్దని. తెలుగు పిల్లలు ఈ సంగతి బొమ్మల దుకాణం ముందే నేర్చుకుంటారు. గౌరి చూద్దామంటే మాత్రం సరేనని అర్థమని మోహన్ నమ్మకం. అతనిది ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం. కంపెనీ చాండ్లర్‌లో ఉన్నా, ల్యాప్‌టాప్ ఎక్కడ తెరిస్తే అదే ఆఫీసు. అందుకని దాన్ని ఎక్కడ తెరవాలో అతనే నిర్ణయించాడు. కొత్తగా ఉద్యోగం వచ్చింది గౌరికి. రోజూ కారెక్కేది గౌరి. ఆ లెక్క ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

అత్తగారు వసంతలక్ష్మి తోడు వచ్చింది. ఆరు నెలలుందామని అమెరికా వచ్చిన మనిషి, చాండ్లర్ ఎండలకు గడప దాటలేక విసిగిపోయి, గౌరి సూట్‌కేసు పక్కన తన సూట్‌కేసూ పెట్టుకుంది. అందులో చీరలు తక్కువ, జంతికలూ ఆవకాయా బుల్లి కుక్కరూ ఎక్కువ. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైంది. తన ఇంగ్లీషు మీద ఆమెకు ఏ అనుమానమూ లేదు. అమెరికా వాళ్ల ఇంగ్లీషు మీదే కాస్త ఉంది.

బుధవారం పొద్దున యూనివర్సిటీ గెస్ట్‌హౌస్ నుంచి ఇద్దరూ బయల్దేరారు.

మొదటి ఇల్లు ఊరి బయట, కోతకొచ్చిన గోధుమ చేల మధ్య ఒంటరిగా ఉంది. యజమాని వేన్ డెబ్బై దాటిన రైతు. ఒక్కో గది తలుపు తెరిచి, తను బయటే నిలబడి, "గది" అనేవాడు. తర్వాతి తలుపు తెరిచి, "ఇంకో గది" అనేవాడు. అంతకు మించి ఇంటిని పొగిడే ఉద్దేశం అతనికున్నట్టు లేదు. చివరికి పెరట్లో నేలలోకి దిగే మెట్లు చూపించి, సుడిగాలి వస్తే దీంట్లో దాక్కోవాలన్నాడు. గౌరి తెలుగులో చెప్పేలోపే వసంతలక్ష్మి చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని దిగి, చూసి, పైకొచ్చింది.

"ఆవకాయ జాడీలకి దీన్ని మించింది లేదే. ఎంత చల్లగా ఉందో. గాలివానకి దాక్కోవడం ఏమిటి, పిచ్చి కాకపోతే."

గౌరి వంటింటి కిటికీ అంచు మీద వేలితో దుమ్ము తీసి, అరచేతిలో వేసుకుని, వెలుగులో వంచి చూసింది. దుమ్ములో రెండు ముక్కుపురుగులు కదిలాయి. నిల్వ ధాన్యంలో పురుగులే ఆమె చదువు. కనబడ్డ చోటల్లా పలకరించకుండా ఉండలేదు. వేన్ టోపీ కింది నుంచి అదంతా గమనించాడు గాని ఏమీ అడగలేదు. గేటు దగ్గర మాత్రం, "ఏమంటారు?" అన్నాడు.

"వియ్ విల్ సీ," అంది గౌరి, చూద్దాం అన్నంత మెత్తగా.

ఇంటికొచ్చిన వాళ్లం సెలవు తీసుకోకుండా ఈ ముక్తసరి ఏమిటన్నట్టు కోడలి వంక చూసి, వసంతలక్ష్మి రెండు చేతులూ జోడించింది. "ఓకే సర్. వియ్ విల్ కమ్."

వేన్ ఆమె వంక కాసేపు చూశాడు. టోపీ తీశాడు. గౌరి చేతిని తన మోటు చేతిలోకి తీసుకుని ఒక్కసారి ఊపి వదిలాడు.

"పెద్దరికం తెలిసిన మనిషి. టోపీ తీశాడు చూడు," అంది వసంతలక్ష్మి కారులో.

రెండో ఇల్లు పాస్టరు గారి భార్య లిండాది. ఒకే కప్పు కింద రెండు వాటాలు. ఒక వాటాలో తాముంటారు, రెండోది అద్దెకిస్తారు. లిండా బిస్కెట్లు కాల్చి పెట్టింది. వసంతలక్ష్మి తన సంచిలోంచి జంతికలు తీసి పెట్టింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒకరిది ఒకరు కరకరలాడిస్తుంటే మోహన్ ఫోను వచ్చింది. గౌరి బయటి పచ్చిక మీదికి వెళ్లింది.

"గౌరీ, విచిటాలో రెండు యూనిట్లున్నాయి. ఉత్తరం కిటికీలోంచి నార్త్ లైట్ వచ్చేది తీసుకుంటున్నా. నా డెస్క్‌కి బావుంటుంది. ఓకేనా?"

"నేను పొద్దున్న ఆరింటికే బయల్దేరాలేమో. చలికాలంలో రోడ్డు మీద మంచు..."

"స్నో టైర్లు వేయిద్దాం. అది పెద్ద విషయం కాదు. నార్త్ లైట్ ఓకేగా?"

కిటికీలోంచి లోపల అత్తగారు లేచి నిలబడి చేతులు జోడించడం, లిండా ఏదో అడగడం, అత్తగారు పైకి వేలు చూపించడం, లిండా ఆమెను గట్టిగా కావలించుకోవడం కనిపించాయి. "ఊఁ," అంది గౌరి ఫోనులో.

కారెక్కాక వసంతలక్ష్మి ఇంకా పరవశంగానే ఉంది. "ఈవిడ ఆపేక్ష చూడు. వస్తామంటే, ఎప్పుడొస్తారని అడిగింది. మనవాళ్లెవరైనా అడుగుతారా అలా?"

"మీరేమన్నారు అత్తయ్యా?"

"ఎనీ టైమ్, గాడ్స్ విల్ అన్నాను. పాస్టరు గారి భార్య కదా, సంతోషిస్తుందని."

గౌరి బుర్రలో అప్పటికి నార్త్ లైటూ స్నో టైర్లూ తిరుగుతున్నాయి. నవ్వి ఊరుకుంది.

మూడో ఇల్లు, మూతపడిన ట్రాక్టర్ల దుకాణం వెనక చిన్న చెక్క ఇల్లు. రంగు పోయింది. కిటికీలో 'అద్దెకు' అని రాసిన అట్ట నిలబెట్టి ఉంది. యజమాని డార్లీన్ బోలెడన్నేళ్లు స్కూలు బస్సు నడిపి మానేసింది. పక్కింట్లోనే ఉంటుంది. తాళం తీసి, "మీరే చూసుకోండి, నేనిక్కడుంటా," అని మెట్ల మీద కూర్చుంది.

లోపల వంటింటికి తలుపుంది. అమెరికా వచ్చాక తలుపున్న వంటిల్లు గౌరికి కనబడలేదు. మూసి, తెరిచి, మళ్లీ మూసింది. పోపు ఘాటు ఈవలికి రాదు. పంపు తిప్పి నీళ్లు చూసింది. అలమర అరల మూలలు వేలితో తడిమింది. ఒక్క పురుగు లేదు. సింకు ముందు నిలబడి తలెత్తితే పెరట్లో బట్టలారేసే తీగ, దాని వెనక సన్నటి కాలిబాట, కాలిబాట చివర పసుపు రంగు ఇటుకల భవనం. తన ల్యాబు. పైఅంతస్తులో మూలనున్న కిటికీ తన గదిదే. ఇంటర్వ్యూ రోజున చూపించారు.

ఎంతసేపు నిలబడిందో, వసంతలక్ష్మి వచ్చి భుజం తట్టింది. "ఏమిటే, పంపు కట్టెయ్. నీళ్లు పోతున్నాయి."

మెట్ల దగ్గర గౌరి చెప్పులేసుకుంటూ, "ఓకే, వియ్ ఆర్ గోయింగ్ నౌ," అంది.

వసంతలక్ష్మి ఆమె మోచేయి గిల్లింది. "గడప మీద నిలబడి వెళ్తున్నామంటావేమిటే, ఆడపిల్లవి. వస్తామను."

గౌరి డార్లీన్ వైపు తిరిగింది. "ఐ విల్ కమ్," అంది.

"గుడ్," అంది డార్లీన్. కారు వెనక్కి తీస్తుంటే ఆమె ఇంట్లోకి వెళ్లి కిటికీ దగ్గర ఏదో అందుకుంటూ కనబడింది. కర్టెను సర్దుతోంది కాబోలనుకుంది గౌరి.

గురువారం పొద్దున్న డిపార్ట్‌మెంట్ హెడ్ కేరల్ ల్యాబు తాళాలిచ్చింది. గౌరి చేతులు కడుక్కుని, అలమరలో ఎలా పడితే అలా పేర్చిన జల్లెడలన్నీ కిందికి దింపింది. ఒక్కొక్కటి వెలుగుకి ఎత్తి, కన్నాలు చూసి, పెద్ద కన్నాలది పైన, సన్నవి కింద ఒకదాంట్లో ఒకటి కూర్చింది. సీసాలో పాత గోధుమలుంటే పై జల్లెడలో పోసి, రెండు చేతులతో పట్టుకుని మెల్లగా తిప్పింది. గింజలు పైన ఆగాయి. అట్టడుగు పళ్లెంలో పిండి లాంటి దుమ్మూ, నాలుగు పురుగులూ మిగిలాయి. ఆమె వాటిని మెత్తటి కుంచెతో ఎత్తి గాజు గొట్టంలో వేసి, దూది బిరడా పెట్టింది.

కుర్చీలో కూర్చుని చూస్తున్న వసంతలక్ష్మి అంది: "ఇదే పని నేను చేటతో జీవితమంతా చేశాను. పురుగుల్ని ఏరి పారేస్తే వంట, ఏరి దాచుకుంటే ఉద్యోగం. ఆ కిటుకు నాకెవరూ చెప్పలేదు."

గౌరి నవ్వింది. ఆ గదిలో ఆమె నవ్వు కాస్త పెద్దగా వినిపించి, తనే ఆశ్చర్యపోయింది.

మధ్యాహ్నం పెరుగు తోడు పెట్టడానికి పాలు కొందామని ఊళ్లోకి వెళ్లారు. దుకాణంలో పాల డబ్బా సంచిలో పెడుతూ అమ్మాయి, "వేన్ ఇంటికి వస్తున్నది మీరే కదూ? పొద్దున్నే బోరు మోటారు బాగుచేయించాడు," అంది. ఎవరనుకుని అంటోందోనని గౌరి చిరునవ్వు నవ్వింది. పోస్టాఫీసు దగ్గర ఎవరో పెద్దాయన కారాపి మరీ, "లిండా కర్టెన్లు కొలుస్తోంది. మీ అత్తగారికి పసుపు రంగు పనికొస్తుందా అని కనుక్కోమంది," అన్నాడు. ఈసారి గౌరి నవ్వలేదు. పాల డబ్బా పట్టుకుని నిలబడిపోయింది.

ఎదురుగా హోటల్లోంచి కేరల్ చేయి ఊపుతోంది. లోపలికెళ్లి కూర్చోగానే ఆమె గొంతు తగ్గించింది.

"గౌరీ, మీ కుటుంబం ఎంత పెద్దదో నేను ఇంటర్వ్యూలో అడగలేదు. అడగకూడదు, రూల్స్ ఒప్పుకోవు. ఇప్పుడూ అడగడం లేదు. కానీ మూడిళ్లా?"

"మూడిళ్లేమిటి?"

"వేన్‌దీ లిండాదీ డార్లీన్‌దీ. ముగ్గురికీ మాటిచ్చారట. వేన్, లిండా పొద్దున పెట్రోలు బంకులో ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. తన చేత టోపీ తీయించుకున్నాక ఇంకో ఇల్లెలా చూస్తారని వేన్ బాధ. దేవుడి పేరు మీద చెప్పారని లిండా అంటోంది."

"డార్లీన్?"

"ఆమె ఏమీ అనలేదు. వేరెవరో ఇల్లడిగితే, అయిపోయిందని పంపించేసిందట."

వసంతలక్ష్మి ఇదంతా చెవులు రిక్కించి వింటోంది. "ఏమిటటే? వేన్ గారికేమైంది?"

గౌరి ఆమె చేయి పట్టుకుని కారు దాకా తీసుకొచ్చింది. తలుపులు వేసి, అద్దాలు ఎత్తి, అప్పుడు చెప్పింది.

"నేను మాటివ్వడమేమిటే? సెలవు తీసుకున్నాను, అంతే."

"వీళ్ల భాషలో వస్తామంటే వస్తామనే అత్తయ్యా. వచ్చి ఉంటామని."

"మరి బయల్దేరేటప్పుడు ఏమంటారు?"

"వెళ్తున్నామంటారు."

"అందరూనా?" వసంతలక్ష్మి కారద్దంలోంచి ఊరి వంక జాలిగా చూసింది. "పాపం, అలా అనుకుంటూనే ఇంత అభివృద్ధి ఎలా చేశారే?"

గౌరికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అంతలో మోహన్ ఫోను. స్పీకర్లో పెట్టి సంగతంతా చెప్పింది. అతను పకపకా నవ్వాడు.

"సింపుల్. విచిటా వచ్చాక ముగ్గురికీ ఒక ఈమెయిల్ కొట్టు. థాంక్యూ ఫర్ యువర్ టైమ్ అని. అమ్మా, నువ్వు టెన్షన్ పడకు. ఇదేం లీగల్ కాంట్రాక్ట్ కాదు."

"కాంట్రాక్టు కాకపోతే మాట కాదా? మాట తప్పకూడదని పిల్లల్ని బెంచీ ఎక్కించి మరీ చెప్పినదాన్ని, ఈ వయసులో మూడిళ్లకి తప్పనా?"

"మూడిళ్లలో ఎలా ఉంటారమ్మా?"

వసంతలక్ష్మి ఆలోచించింది. "అది నిజమే," అంది చివరికి. "అయితే మొహం చూపించి చెప్పాలి. నీ ఈమెయిల్‌కి మొహం ఉండదు. రేపు వెళ్లి చెప్పి వస్తాం, ముగ్గురికీ."

"నువ్వు చెప్తావా?"

"నేనెందుకు చెప్తాను? పీహెచ్‌డీ చేసింది నీ పెళ్లాం. అదే చెప్తుంది."

శుక్రవారం ముందు లిండా ఇంటికెళ్లారు, అక్కడైతే సులువని. సులువు కాలేదు. "ఇల్లు చాలా బావుంది, కర్టెన్లు కూడా చాలా బావున్నాయి, కానీ..." అని గౌరి మొదలుపెట్టగానే లిండా లోపలికెళ్లి ఆకుపచ్చ గుడ్డ పట్టుకొచ్చింది. అది కూడా బావుందనీ, కానీ రంగు గురించి కాదనీ గౌరి అంటే, కొలతలు సరిచేస్తానంది. చివరికి గౌరి అసలు విషయానికి వచ్చి, మా భాషలో బయల్దేరేటప్పుడు వస్తామంటామని చెప్పింది. లిండా బుగ్గన వేలు పెట్టుకుని ఆలోచించింది.

"అంటే వస్తామంటే వెళ్తామని. మరిప్పుడు రామంటే, వస్తామనా?" అని ఆశగా అడిగింది.

వసంతలక్ష్మి ఇక లాభం లేదనుకుంది. కుర్చీలోంచి లేచి, కళ్లు మూసుకుని, లోపల రాముణ్ని తలుచుకుని, "నో కమింగ్, మేడమ్," అంది. ఒక్క క్షణం ఆగి, ఆ రెండో మాట కూడా గొంతులోంచి పెకలించింది. "ఓన్లీ గోయింగ్."

లిండాకి అర్థమైంది. నవ్వింది కూడా, కన్నీళ్లొచ్చేదాకా. ఒక డబ్బా బిస్కెట్లు చేతిలో పెట్టి, జంతికలు మిగిలాయేమోనని అడిగింది. వసంతలక్ష్మి కారెక్కే ముందు, ఆ అశుభం మాట పోయేట్టు నీళ్లు పుక్కిలించి ఉమ్మి, "పద, వేన్ దగ్గర నా వల్ల కాదు. నువ్వే అనాలి," అంది.

దారంతా గౌరి ఆ మాట పెదాల మధ్య తిప్పింది. బావుంది కానీ. ఆలోచించాం కానీ. మా ఆయన. ఏ మాట ఎత్తుకున్నా చివరికి ఇంకో గుడ్డ పట్టుకొచ్చేట్టే ఉంది. వేన్ పెరట్లో మోటారు మూత బిగిస్తున్నాడు. ఆమెను చూసి రెంచి కింద పెట్టి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, టోపీ తీశాడు. గౌరి కారు దిగిన చోటే నిలబడి, గాలికి వినబడేట్టు కాస్త గట్టిగా అంది.

"మేం ఈ ఇంటికి రావడం లేదు. నో. సారీ."

వేన్ టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. "సరే," అన్నాడు.

అంతే. గౌరి ఇంకేదైనా వస్తుందేమోనని చూసింది. ఆకాశం ఎక్కడిదక్కడే ఉంది. ఈ ఒక్క మాట అనకుండా ఉండటానికా ఇన్నేళ్లూ అంత కష్టపడింది?

"మోటారు ఎటూ బాగుచేయించాల్సిందే," అన్నాడు వేన్, ఆమె మొహం చూసి. "మొన్న ఆ కిటికీ దగ్గర ఏం చూశారు?"

"ముక్కుపురుగులు. మీ గింజల గోదాంలోంచి వచ్చి ఉంటాయి. ఈ ఏటి పంట పోసేముందు అడుగు శుభ్రం చేయించండి. లేకపోతే పాతవి కొత్త గింజల్లోకి ఎక్కేస్తాయి."

"మీరొచ్చి చూస్తారా?"

"సోమవారం వస్తాను," అంది గౌరి. ఆ మాట వసంతలక్ష్మి విని, ఇది ఏ రకం వస్తానో అర్థం కాక, కోడలి వంక అనుమానంగా చూసింది. సోమవారం పొద్దున వాళ్లకి విచిటా నుంచి చాండ్లర్‌కి టికెట్లున్నాయి.

డార్లీన్ ఇంటి ముందు కారాగేసరికి కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. కిటికీలో అట్ట లేదు. డార్లీన్ తడిగుడ్డతో గడప తుడుస్తోంది.

"త్వరగా చెప్పి రా. ఈమె పెద్దగా మాట్లాడే రకం కాదు, తేలిగ్గానే అయిపోతుంది," అని వసంతలక్ష్మి కారులోనే కూర్చుంది.

గౌరి మెట్ల దాకా నడిచింది. నో అనే మాట ఇప్పుడు నోట్లో సిద్ధంగా ఉంది, ఒకసారి వాడి చూసిందే. డార్లీన్ లేచి, నడుము పట్టుకుని, గుడ్డ బకెట్లో వేసింది.

"ఊళ్లో ఏవేవో అంటున్నారు," అంది డార్లీన్. "నాకు వాటితో పని లేదు. వస్తారా, రారా?"

గౌరికి వెనక కారులో అత్తగారి చూపు వీపుకి తగులుతోంది. తెరిచిన తలుపులోంచి వంటింటి తలుపు, దాని వెనక కిటికీ, కిటికీలో తీగ కనబడుతున్నాయి. ఇక్కడ వస్తానన్నది అత్తగారు కాదు, తనేనని ఆమెకు గుర్తొచ్చింది. మర్యాదకన్నదా, నిజంగా అన్నదా, అప్పుడైతే తెలియదు.

"వస్తాను," అంది. ఎందుకైనా మంచిదని ఇంకో మాట కలిపింది. "వచ్చి ఉంటాను. ఆగస్టు నుంచి."

"తాళం ఇవాళే తీసుకోండి. దానికోసం మళ్లీ నన్ను లేపకుండా."

కారెక్కి తాళం డాష్‌బోర్డు మీద పెట్టింది గౌరి. ఇద్దరూ దాని వంకే చూస్తూ కూర్చున్నారు.

"గుడి లేదే ఇక్కడ," అంది వసంతలక్ష్మి.

"లేదు."

"కరివేపాకు దొరకదు."

"దొరకదు."

"మోహన్‌కి ఎవరు చెప్తారు?"

"నేనే చెప్తాను అత్తయ్యా."

వసంతలక్ష్మి కొంగు సర్దుకుంటూ, తనలో తను అనుకుంటున్నట్టు అంది: "మా బడికి రెండు బస్సులు మారేదాన్ని. మీ మావయ్యకి ఆ టౌను వదలడం ఇష్టం లేదు, సినిమా హాళ్లు దగ్గరని. నేను ముసలిదాన్నయింది ఇంట్లో కాదు, బస్సులో." ఆమె తాళం అందుకుని తన పర్సులో వేసుకుంది. "పద. పాలు తోడుకున్నాయో లేదో చూడాలి."

శనివారం మధ్యాహ్నం మోహన్ విచిటాలో దిగి, అపార్ట్‌మెంట్ ఆఫీసు నుంచి ఫోను చేశాడు.

"ఎక్కడున్నారు? లీజింగ్ మేనేజర్ వెయిట్ చేస్తున్నాడు."

"ఇంట్లో ఉన్నాం," అంది గౌరి.

"ఏ ఇంట్లో?"

"మనింట్లో. హార్లోలో. నేను ల్యాబుకి నడిచివెళ్లొచ్చు."

"గౌరీ, ఏంటిది? మనం డిస్కస్ చేశాం కదా. నువ్వు చూద్దామన్నావు."

"చూశానండీ. విచిటా వద్దు."

ఆమె గట్టిగా అనలేదు. గట్టిగా అనుంటే అతను వాదించేవాడేమో. "అమ్మకివ్వు," అన్నాడు. వసంతలక్ష్మి ఫోను అందుకుని, "మీ అమ్మ తిరగమోత పెడుతోంది, ఇక్కడ వంటింటికి తలుపుంది, వేసేస్తే ఏమీ వినబడదు," అని పెట్టేసింది.

అతను కారు అద్దెకు తీసుకుని బయల్దేరాడు. గౌరి పెరటి మెట్ల మీద కూర్చుంది. లోపల ఒక బల్లా రెండు కుర్చీలూ తప్ప ఏమీ లేవు, అవీ డార్లీన్ ఇచ్చినవే. అతను వచ్చి ఏమంటాడో, ఆ అన్నదానికి తనేమనాలో నాలుగు రకాలుగా అనుకుని చూసింది. రెండు గంటలైంది. రాలేదు. ఇంకో గంట కూడా దాటాక తీగ మీది తువ్వాళ్లు ఆరిపోతే తీసి మడతపెట్టింది.

కారు చప్పుడైంది. మోహన్ దిగి, తలుపు పట్టుకుని అలాగే కాసేపు వంగి నిలబడ్డాడు. చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది.

"ఆ రోడ్డుకి అంతు లేదమ్మా," అన్నాడు గుమ్మంలోనే, తల్లితో. "కోత మిషనొకటి ముందు పడింది, ఇల్లంత ఉంది, దాటనివ్వదు. దాని వెనకే ఎడ్లబండిలా వచ్చాను. సిగ్నల్ లేదు, పాడ్‌కాస్ట్ ఆగిపోయింది. పైగా ఎదురొచ్చిన ప్రతివాడూ స్టీరింగ్ మీంచి వేలెత్తి చూపిస్తాడు. టైరు పోయిందేమోనని రెండుసార్లు దిగి చూశాను."

"వాళ్లు పలకరిస్తున్నారు," అంది గౌరి.

"ఎవరిని?"

"మిమ్మల్నే."

మోహన్ నమ్మనట్టు చూశాడు. వసంతలక్ష్మి కంచం పెట్టింది. అతను కుర్చీలో కూలబడి, చారన్నం కలుపుకుని తిన్నాడు. మధ్యలో ఒకసారి తలెత్తి వంటింటి తలుపు చూశాడు. పెరటి కిటికీలోంచి ఎండ బల్ల మీదికి వస్తుంటే అది ఏ దిక్కు నుంచి వస్తోందో చూశాడు. ఏదో అనబోయి మజ్జిగ పోయించుకున్నాడు. గౌరి గోడకి ఆనుకుని నిలబడి, ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూస్తోంది.

చేయి కడుక్కుని వచ్చి, బూట్లయినా విప్పకుండా ఉత్త నేల మీదే వెల్లకిలా పడుకున్నాడు మోహన్. కళ్లు మూసుకుని, ఎవరికీ తెలియని సంగతి తనే కనిపెట్టినట్టు అన్నాడు.

"చాలా దూరం గౌరీ. రోజూ అంటే మనిషి బతకడు."

"అవునా," అంది గౌరి, ఆ రోడ్డు గురించి మొదటిసారి వింటున్నట్టు.